వికమ్ మన ఏజెన్సీకీ వచ్చాడు



మా హాస్టల్ రూంలో నన్ను ఆటపట్టించే మాట ఒకటుంది. "కోయ పిల్లవి, నీకు ఆ తెల్లోళ్ళ పాత సీరియళ్ళు ఏంటే?" అని. నిజమే, పొడుగు గౌన్లు, గుర్రబ్బండ్లు, టీ కప్పులు, ఒక డాన్స్ అయ్యాక ఇంకో డాన్స్. ఒక్క ఫైట్ ఉండదు. అయినా బీబీసీ వాళ్ళు 1995లో తీసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' ఆరు ఎపిసోడ్లూ ఇప్పటికి నాలుగుసార్లు చూశాను. ఎందుకో రాస్తాను, చెల్లెళ్ళు ముఖ్యంగా చదవండి.

చూడని వాళ్ళ కోసం కథ: జేన్ ఆస్టెన్ రాసిన నవల, 1813లో అచ్చయింది. బెన్నెట్ అనే ఆయనకి ఐదుగురూ ఆడపిల్లలే. ఆ ఎస్టేట్ ఆడపిల్లలకి రాదు. తండ్రి పోతే కాలిన్స్ అనే దూరపు చుట్టానికి వెళ్ళిపోతుంది. అందుకని తల్లి పొద్దున లేస్తే పెళ్ళి మాటే. అందరూ ఆమెని చూసి నవ్వుతారు, తీసినవాళ్ళు కూడా నవ్వించాలనే తీశారు. నాకు మాత్రం రెండోసారి చూసేటప్పుడు నవ్వు రాలేదు. ఇంటాయన పోయిన తర్వాత ఈ ఆరుగురు ఆడోళ్ళు ఎక్కడ తలదాచుకోవాలి? ఆ ఇంట్లో ఈ ప్రశ్న గట్టిగా అడిగేది ఆమె ఒక్కతే.

నన్ను కట్టిపడేసేది ఇదే. మన సినిమాల్లో ప్రేమకి డబ్బు అడ్డమొస్తుంది, హీరో నాలుగు తన్నగానే ఆ అడ్డం పోతుంది. ఇక్కడ ప్రేమ పక్కనే లెక్క కూర్చుని ఉంటుంది. ఊళ్ళోకి కుర్రాడు వచ్చాడంటే మొహం చూడకముందే ఆదాయం తెలిసిపోతుంది. డార్సీకి ఏడాదికి 10,000 పౌండ్లు. కాలిన్స్ వచ్చి ఎలిజబెత్‌ని అడిగితే ఆమె కుదరదంటుంది. ఆ ఒక్క మాటతో ఇల్లు దక్కే దారి మూసుకుపోతుందని తెలిసే అంటుంది. తర్వాత ఆమె స్నేహితురాలు షార్లెట్ అదే కాలిన్స్‌ని చేసుకుంటుంది. 27 ఏళ్ళు వచ్చాయి, చేతిలో ఏమీ లేదు, ఒక ఇల్లు కావాలి. షార్లెట్‌ని తప్పు పట్టేవాళ్ళతో నేను ఎన్నిసార్లు వాదించానో లెక్కలేదు.

మన దగ్గర లెక్క వేరేగా ఉండేది. మా ఊళ్ళో సంబంధానికి వస్తే పెద్దమనుషులు ముందు అడిగేది గట్టు. ఒకే గట్టు అయితే అన్నాచెల్లెళ్ళ వరస, అక్కడితో మాట ఆగిపోతుంది. కుదిరితే ఇప్పసారా పోసుకుని ఓలి మాట్లాడుకునేవాళ్ళు. ఓలి ఇచ్చేది మగపిల్లాడి వాళ్ళు, మనం కాదు. ఇప్పుడు జాబ్ వచ్చిన మనోళ్ళే బండి అడుగుతున్నారు, ఓలి అన్నమాట ఎత్తితే పాతకాలం అంటున్నారు. (దీని మీద విడిగా రాయాలి, చాలా ఉంది.)

ఇక వికమ్ సంగతి. సీరియల్‌లో మిలిటరీ డ్రెస్‌లో వస్తాడు. నవ్వుమొహం, తియ్యటి మాట. ఊరంతా మెచ్చుకుంటుంది, తెలివైన ఎలిజబెత్ కూడా నమ్ముతుంది. తర్వాత డార్సీ ఉత్తరంలో అసలు విషయం బయటపడుతుంది. డార్సీ చెల్లెలు జార్జియానాకి 15 ఏళ్ళప్పుడు వీడు ఆమెని లేవదీసుకుపోవాలని చూశాడు. ఆ పిల్ల పేరు మీద 30,000 పౌండ్లు ఉన్నాయి. వీడు చూసింది పిల్లని కాదు, ఆ డబ్బుని.

ఆ ఉత్తరం దగ్గర నేను సీరియల్ ఆపి బయటికి వచ్చి నిలబడ్డాను. మా పెదనాన్న కూతురు గుర్తొచ్చింది.

1970 సవరణ తర్వాత, మనం 1/70 అనే ఆ చట్టం ప్రకారం, ఏజెన్సీ భూమి గిరిజనేతరుల పేరు మీదికి మారకూడదు. మనల్ని కాపాడటానికి వచ్చిన చట్టం అది. దాన్ని దాటడానికి కొంతమంది కనిపెట్టిన దారి పెళ్ళి. మా అక్కని చేసుకున్నతను మిర్చి కౌలుకని కింద నుంచి వచ్చాడు. మాతో కూర్చుని అంబలి తాగాడు, నాలుగు కోయ మాటలు నేర్చుకున్నాడు, పెదనాన్నకి జ్వరమొస్తే బండి మీద ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. గుళ్ళో పెళ్ళి అయింది. తర్వాత అక్క పేరు మీద నాలుగెకరాలు కొన్నాడు, ఇంకో ఏడాదికి ఐదు. అతనికి సొంతూళ్ళో భార్యా పిల్లలూ ఉన్నారని అప్పటికి గానీ తెలియలేదు. కాగితం మీద మా అక్కకి తొమ్మిదెకరాలు. పాస్‌బుక్ అతని బీరువాలో. అక్క వేరేవాళ్ళ మిర్చి తోటలో కూలికి వెళ్తుంది.

బయటివాళ్ళని చేసుకున్న పెళ్ళిళ్ళన్నీ ఇలాంటివే అని నేను అనట్లేదు. బాగా బతికేవాళ్ళని కూడా చూశాను. కానీ ఇలాంటిది ఒక్కటైనా లేని మండలం మా వైపు ఉందా, మీరే చెప్పండి.

మా అక్క కథ ఎవరూ సీరియల్ తీయరు. నేను చూసినంతలో తెర మీద మనం ఉంటే చేతిలో విల్లు ఉంటుంది, లేదా మంట చుట్టూ డాన్స్. ఒక కోయ ఇంట్లో పెద్దవాళ్ళు మంచం మీద కూర్చుని సంబంధం మాట్లాడుకోవడం, లోపల పిల్ల వినడం, ఇది నేను ఏ సినిమాలోనూ చూడలేదు. ఆ తెల్లోళ్ళు తమ ఇంటి మాటలకి ఆరు ఎపిసోడ్లు ఇచ్చారు. అందుకే పరాయి ఇంట్లో నా ఇల్లు వెతుక్కుంటున్నాను. ఆ ఇంట్లో పనిమనుషులకి రెండు ముక్కలు మించి మాటలుండవు, అది కూడా చూస్తూనే ఉన్నాను.

పోయిన ఎండాకాలం సెలవుల్లో పెద్దమ్మకి ఫోన్లో చూపించాను. ఇంగ్లీషు రాదు కాబట్టి పక్కన కూర్చుని కోయలో చెప్పుకుంటూ వచ్చాను. గౌన్లు చూసి నవ్వింది, డార్సీ మొహం ఎప్పుడూ అట్లనే ఉంటదా అని అడిగింది. ఉత్తరం దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆపేసింది.

"ఆ పిల్లకి ఎంత భూమి?" అంది.

భూమి కాదు పెద్దమ్మా, డబ్బు అన్నాను.

"వాడి ఊరేంటో, ఇంట్లో ఎవరున్నారో పెద్దమనుషులు ఎవరూ అడగలేదా?"

అడగలేదు. చూడ్డానికి బాగున్నాడు, బాగా మాట్లాడాడు, అంతే.

పెద్దమ్మ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది మీ అక్క కూతురికి చూపించు" అంది. ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ సెకండియర్. మా ఊళ్ళో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆరు ఎపిసోడ్లూ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి పెట్టాను, సంక్రాంతికి తీసుకెళ్తున్నా.