కటికి దారిలో జీపు కాళ్లు

బొర్రా గుహలు చూసి బయటికి రాగానే 'కటికి... కటికి...' అంటూ పిలుపులు వినిపిస్తాయి. జలపాతానికి తీసుకెళ్లే జీపుల వాళ్ల కేకలవి. కారులో వచ్చినవాళ్లు సాధారణంగా కారు అక్కడే ఆపేసి జీపెక్కుతారు. ఎందుకో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. రాళ్లు, గోతులు, వానాకాలమైతే బురద. ఆ దారిలో జీపు ఊగుతుంది, దూకుతుంది, ఓ పక్కకి ఒరిగి మళ్లీ లేస్తుంది. లోపలున్నవాళ్లు పైనున్న కమ్మీ పట్టుకుని నవ్వుతూ కేకలేస్తుంటారు. ఆ నవ్వులన్నిటికీ ఆధారం... బండి కింద నేలను తాకుతున్న నాలుగు అరచేతులంత రబ్బరు!

జలపాతం అందాన్ని అందరూ ఫొటో తీసుకుంటారు. అక్కడిదాకా మోసుకొచ్చిన టైర్ల వంక చూసేవాళ్లు తక్కువ. జీపు తోలేవాళ్లకు మాత్రం అదే ప్రాణం. బేరాల్లేని రోజున ఇంటి ముందు బండి నిలిపి, చక్రాలు విప్పి, ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చుకోవడం కొండ దారుల్లో బండి నడిపే ఎవరికైనా తెలిసిన పని. పట్నంలో దానికి 'టైర్ రొటేషన్' అని పేరు. జాకీ, రెంచి, నాలుగు రాళ్లు, ఓ పూట ఓపిక ఉంటే చాలు.

బస్సూ అదే... లారీ అదే!

విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట దాటగానే అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంటుంది. నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని అల్లుకున్న మిరియాల తీగలు, నీడన కాఫీ మొక్కలు. కొండల్ని తొలుచుకుంటూ కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం. బొర్రా గుహల్ని చెక్కిన గోస్తనీ నదే కటికి దగ్గర కొండ మీంచి దూకి, కిందికి ప్రవహించి భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఈ కొండల్లో జీపు పర్యాటకుల సరదా కోసం పుట్టలేదు. సంత రోజున పసుపు, పిప్పళ్లు, చింతపండు బస్తాలు దిగేది జీపులోనే. సరుకులు గూడెం చేరేది జీపులోనే. జ్వరం వచ్చిన బిడ్డను ఆసుపత్రికి చేర్చేదీ అదే. దారిలేని గూడేల్లో ఇప్పటికీ గర్భిణులను డోలీ కట్టి కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చే పరిస్థితి ఉంది. డోలీ దిగినచోట ఎదురుచూసేది అంబులెన్సో జీపో! అలాంటి వేళ బండి టైరు పేలిందంటే నష్టం టైరుతో ఆగదు.

రెండో ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న విల్లీస్ జీపును 1947లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. దాని వారసులే తరవాతి కాలపు కమాండర్లూ మేజర్లూ. పట్నాల్లో ఏనాడో కనుమరుగైన ఈ బళ్లు కొండల్లో మాత్రం ఇంకా చెమటోడుస్తూనే ఉన్నాయి.

టైరు మీద దారి రాత

ఒకే రోజు బిగించిన నాలుగు కొత్త టైర్లు ఒకేలా అరగవు. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పడిన ప్రతిసారీ బండి బరువంతా ముందుకు వాలుతుంది. మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ముందు టైర్ల అంచులు రోడ్డును గీరుకుంటాయి. అందుకే ఘాట్ బండికి ముందు టైర్ల భుజాలు తొందరగా గుండ్రబడతాయి. వెనక టైర్ల కష్టం వేరు. బండిని ఎగువకు నెట్టేది అవే. వదులు రాళ్ల మీద గిర్రున తిరిగేదీ, కోతలు పడేదీ అవే. పైన ఎక్కిన మనుషుల బరువూ బస్తాల బరువూ వాటిదే.

కొన్ని నెలలు అలాగే వదిలేస్తే రెండు టైర్లు నున్నగా, రెండు బాగానే ఉంటాయి. నున్నబడిన జత తడి మట్టిలో పట్టు తప్పుతుంది. బాగున్న జత పక్కనే ఉన్నా ఆదుకోలేదు. అదే సమయానికి చోట్లు మారిస్తే ముందు అరిగిన అంచులు వెనక కాస్త తెరిపిన పడతాయి, వెనక అరిగిన మధ్యభాగం ముందుకొచ్చి ఊపిరి పీల్చుకుంటుంది. కష్టం నలుగురూ పంచుకున్నట్టన్నమాట.

మామూలు రోడ్ల మీద 8 నుంచి 10 వేల కిలోమీటర్లకోసారి మార్చితే సరిపోతుంది. రాళ్ల దారిలో తిరిగే బండికి 5 వేలకే ఆ పని చేయడం మంచిది.

పెరట్లోనే గ్యారేజీ

ఈ పనికి ముందు కావలసింది చదునైన, గట్టి నేల. కొండ ఊళ్లో అదే కరవు. అందుకే ఇంటి ముందో, బడి మైదానం అంచునో అలాంటి జాగా చూసుకుంటారు. జాకీ కింద చెక్క ముక్క వేస్తారు. లేకపోతే మెత్తటి మట్టిలో జాకీయే దిగబడిపోతుంది.

తరవాత రాళ్లు. ఎత్తుతున్న చక్రం కాకుండా మిగతావాటికి ముందూ వెనకా అడ్డం పెడతారు. హ్యాండ్ బ్రేకు వేశాం కదా అంటే కుదరదు. పాత విల్లీస్ నమూనా జీపుల్లో హ్యాండ్ బ్రేకు చక్రాలను నేరుగా పట్టదు. వెనక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును పడుతుంది. వెనక చక్రం ఒకటి గాల్లోకి లేచిందంటే డిఫరెన్షియల్ వల్ల ఆ చక్రం ఖాళీగా తిరుగుతుంది. నేల మీదున్న రెండోది కదిలిపోతుంది. బండిని గేర్లో పెట్టినా అదే కథ. అప్పుడు ఆపేది రాయి ఒక్కటే!

చక్రం నేల మీద ఉండగానే నట్లను అర చుట్టు వదులు చేయాలి. గాల్లో లేపాక బలం పెడితే బండి జాకీ మీంచి జారే ప్రమాదముంది. పాత జీపుల్లో మరో తిరకాసు కూడా ఉంది. కొన్నిటికి ఎడమవైపు చక్రాల నట్లు ఎదురు మరతో ఉంటాయి. మామూలుగా బిగించే వైపుకి తిప్పితేనే అవి ఊడతాయి. సంగతి తెలియని కుర్రాడు రెంచి మీదెక్కి గెంతితే బోల్టు విరగడం ఖాయం. బోల్టు చివర 'ఎల్' అక్షరం ఉందేమో ముందే చూసుకోవాలి.

జాకీ ఎక్కడ పెట్టాలన్నది బండిని బట్టి ఉంటుంది. కమాన్ కట్టల పాత జీపుకి ఇరుసు కింద, చక్రానికి దగ్గరగా పెడతారు. 2020లో వచ్చిన కొత్త థార్‌కు ముందువైపు ఆ ఒంటి ఇరుసు లేదు. కాబట్టి కంపెనీ పుస్తకంలో చూపించిన చోటే పెట్టాలి. బండి ఏదైనా ఒక్క నియమం మారదు... జాకీ మీదున్న బండి కింద తల పెట్టకూడదు, చెయ్యి పెట్టకూడదు. విప్పిన చక్రాన్ని ఛాసిస్ కింద పడుకోబెడితే పొరపాటున జాకీ జారినా బండి దానిమీద ఆగుతుంది. పిల్లలు దూరంగా ఉండాలి. సాయం చేస్తామని మారాం చేస్తే నట్లన్నీ పళ్లెంలో వేసి కాపలా పెట్టడం మేలు!

అయిదో కాలు

వెనక తలుపుకు వేలాడే స్టెప్నీ ఎండకు ఎండుతూ వానకు తడుస్తూ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. తిరగకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. తీరా అవసరం పడ్డ రోజున పగుళ్లు కనిపిస్తాయి. అందుకే దాన్నీ వంతులో కలుపుకోవడం తెలివైన పని. స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకం టైరూ రిమ్ముతో ఉంటేనే సుమా!

అయిదు చక్రాలతో మార్చడంలో ఇంకో సుఖముంది. ఒక్క జాకీ చాలు, ఒక్కసారికి ఒక్క చక్రమే లేపాలి. వరస ఇదీ:

మొదట కుడి వెనక చక్రం విప్పి, అక్కడ స్టెప్నీ బిగించాలి. విప్పినదాన్ని కుడి ముందుకు వేయాలి. అక్కడ ఊడినదాన్ని ఎడమ వెనక్కి. ఎడమ వెనకది ఎడమ ముందుకు. చివరికి చేతిలో మిగిలిన ఎడమ ముందు చక్రం... స్టెప్నీ స్థానంలోకి! నాలుగుసార్లు జాకీ లేపితే అయిదు చక్రాలూ చోటు మారిపోతాయి.

లెక్క కూడా లాభమే. నాలుగు టైర్లు 40 వేల కిలోమీటర్లు నడుస్తాయనుకుంటే, అదే పనిని అయిదు పంచుకున్నప్పుడు 50 వేలు వస్తాయి. ఊరికే వేలాడే టైరు కూడా సంపాదనలో పడినట్టే.

టైరు పక్కన బాణం గుర్తు ఉంటే మాత్రం అది ఒక వైపుకే తిరగాలని అర్థం. వాటిని అదే పక్కన ముందుకీ వెనక్కీ మార్చాలి తప్ప కుడిఎడమలు చేయకూడదు. రేడియల్ టైర్లను అసలు పక్క మార్చకూడదన్న పాత మాట ఇంకా కొందరి నోట వినిపిస్తుంది. బాణం గుర్తు లేని ఇప్పటి టైర్లకు ఆ పట్టింపు లేదు.

బిగించేటప్పుడు నట్లన్నీ ముందు చేత్తో తిప్పాలి. మర సరిగా పట్టిందో లేదో చేతికే తెలుస్తుంది. తరవాత ఒకదాని పక్కది కాకుండా ఎదురెదురుగా, నక్షత్రం గీసినట్టు బిగించాలి. చక్రం నేలకు దిగాక చివరి బిగింపు. రెంచి మీద ఎక్కి తొక్కనక్కర్లేదు. మరకు నూనె రాయనక్కర్లేదు. గాలి మళ్లీ చూసుకోవాలి... ముందుకీ వెనక్కీ కొలతలు వేరుగా ఉండొచ్చు. ఓ 100 కిలోమీటర్లు తిరిగాక నట్లను ఇంకోసారి సరిచూస్తే పని పూర్తయినట్టు.

ఫోర్ వీల్ బళ్లకు మరీ ముఖ్యం

హైదరాబాద్, విశాఖ, విజయవాడల నుంచి సొంత థార్‌లలో అరకు, లంబసింగి, వంజంగి కొండలకు వెళ్లే కుటుంబాలు ఇప్పుడు చాలానే కనిపిస్తున్నాయి. నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి కదా అని ధీమా. టైర్లు సమానంగా లేకపోతే ఆ బలమే బండికి చేటు.

ముందు టైర్లు వెనకవాటి కన్నా 5 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగాయనుకుందాం. చుట్టుకొలతలో 31 మిల్లీమీటర్ల దాకా తేడా వస్తుంది. థార్ అంత చక్రమైతే కిలోమీటరుకు అయిదు చుట్లు ఎక్కువ తిరగాలి. ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు షాఫ్టూ వెనక షాఫ్టూ ముడిపడి ఉంటాయి. బురదలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడాను సర్దుకుంటుంది. పొడి తారు రోడ్డు మీద జారే వీల్లేదు. ఆ ఒత్తిడంతా గేర్లు భరించాలి. టైర్ల చోటు మార్చని బద్ధకానికి ట్రాన్స్‌ఫర్ కేసు మూల్యం చెల్లిస్తుందన్నమాట. పొడి రోడ్డు మీద ఫోర్ వీల్ తీసేయమనేది కూడా ఇందుకే.

మార్పుతో కుదరనివి

చక్రం చేతిలోకి వచ్చినప్పుడే దాన్ని చదవాలి. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువైందని అర్థం. రెండు అంచులూ అరిగితే తక్కువైంది. ఒక్క అంచే అరిగినా, చేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా మరోవైపు రంపంలా తగిలినా అలైన్‌మెంట్ తప్పింది. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు అలసిపోయాయి. వీటిని బాగుచేయకుండా టైరు చోటు మారిస్తే జబ్బును ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మార్చినట్టే.

గాళ్ల మధ్య కనిపించే చిన్న రబ్బరు దిమ్మెల ఎత్తుకు టైరు అరిగిందంటే మిగిలింది 1.6 మిల్లీమీటర్లే. దానికి ఇక సెలవివ్వాలి. కొండ దారికైతే అంతదాకా ఆగడమూ సాహసమే. పక్కన పొట్టలా ఉబ్బినా, లోపలి దారం కనిపించినా వంతులో వేయకుండా తీసేయాలి. టైరు వయసు దాని మీదే రాసి ఉంటుంది. నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, తరవాతి రెండూ సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందన్నమాట.

కటికి వెళ్లే కుటుంబం చేయగలిగింది కూడా ఒకటుంది. జీపు ఎక్కేముందు ఓసారి వంగి టైర్లు చూడటం. గాళ్లు లోతుగా ఉన్న బండి కోసం పది నిమిషాలు ఆగినా తప్పులేదు. టైర్లను కళ్లలో పెట్టుకుని చూసుకునే డ్రైవరుకు ఆ బేరం దక్కితే అదే అతనికి మెప్పు.

వెళ్లాలంటే...

విశాఖపట్నం నుంచి బొర్రా సుమారు 90 కిలోమీటర్లు. అరకు నుంచి 35 కిలోమీటర్లకు అటూఇటూ. విశాఖ-కిరండూల్ రైలు బొర్రా గుహలు స్టేషన్‌లో ఆగుతుంది. ఈ మార్గంలో అద్దాల పెట్టె 2017లో వచ్చింది. 2022లో జిల్లాలు మారాక ఈ ప్రాంతమంతా అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. బొర్రా దగ్గర జీపు మాట్లాడుకుంటే కటికి సమీపం వరకూ వెళ్తుంది, ఆపైన కాస్త నడక. ధర, తిరుగు ప్రయాణం సంగతి ఎక్కేముందే తేల్చుకోవడం మంచిది. వానలు వెనకబట్టాక, అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా ప్రయాణానికి అనువైన కాలం. నవంబరు, డిసెంబరుల్లో వెళ్తే అరకు దారిలో పచ్చగా విరబూసిన వలిసె పూలూ కనువిందు చేస్తాయి. జోరు వాన కురుస్తున్న రోజున మాత్రం ఎంత కొత్త టైరున్నా కటికి దారి పట్టకపోవడమే క్షేమం. ఆకలేస్తే దగ్గర్లోనే వెదురు బొంగుల్లో కాలుతున్న చికెన్ వాసన దారి చూపిస్తుంది!