ఇరవై ఇంచుల ముచ్చట

మా కైకలూరు వైపు పెళ్లి పందిళ్లలో కట్నం సంగతి గుసగుసగా మాట్లాడుకుంటారు, కారు చక్రాల సంగతి మాత్రం గొంతెత్తి మాట్లాడుకుంటారు. ‘ఏం బండి?’ అని అడిగే రోజులు పోయాయి. నాలుగు చేపల చెరువులున్న ప్రతి ఇంటి ముందూ ఫార్చ్యూనర్ నిలబడ్డాక ఆ ప్రశ్నకు విలువేముంది? ఇప్పుడు అడిగేది ‘ఎన్ని ఇంచులు?’ అని. పదిహేడంటే జాలిగా చూస్తారు, పందొమ్మిదంటే పర్లేదంటారు, ఇరవై అంటే కుర్చీ వేస్తారు.

మా బావమరిదికి ఆ కుర్చీ మీదే కన్ను. శీలావతి చేపకు మంచి రేటు పలికిన ఏడాది కదా, జర్మనీ బండే కొన్నాడు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి ముందు పూజ చేయించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, బానెట్ మీద పసుపు ఆరకముందే మొదలుపెట్టాడు. ‘‘బావా, చక్రం మరీ చిన్నదిగా ఉంది. మడ్‌గార్డు కింద బోసిగా కనపడుతోంది. ఇరవై ఇంచులు వేయించేద్దామా?’’

అందం సంగతి ఒప్పుకోవాల్సిందే. డిజైనర్లు కాగితం మీద గీసే కార్లకు చక్రాలు ఎప్పుడూ పెద్దవే, షోరూముకు వచ్చేసరికి చిన్నబోతాయి. మంచి రోడ్డు మీద లాభమూ లేకపోలేదు. వెడల్పాటి టైరు, పొట్టి గోడ కలిస్తే మలుపుల్లో బండి ఊగదు, స్టీరింగ్ తిప్పిన వెంటనే మాట వింటుంది. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు 158 కిలోమీటర్లూ చుట్టి రావడమే మావాడి పనైతే నేను నోరెత్తేవాణ్ణి కాదు. కానీ అతని తిరుగుడంతా చెరువు గట్ల మీద.

కాస్త లెక్క చూద్దాం. ఉదాహరణకు ఆడి క్యూ5కు కంపెనీయే ఇచ్చిన టైరు కొలతల్లో రెండు: 235/65 ఆర్17, 255/45 ఆర్20. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత చొప్పున టైరు గోడ ఎత్తు ఉందో చెబుతుంది. చివరిది రిమ్ము ఇంచులు. లెక్క కడితే మొదటి చక్రం మొత్తం ఎత్తు 737 మిల్లీమీటర్లు, రెండోదీ 737 చిల్లరే! మూడించులు పెరిగిందనుకున్న చక్రం పెరిగింది వెంట్రుకవాసి. పెరిగిందల్లా లోపలి లోహం. గోడ మాత్రం 153 నుంచి 115కు దిగింది. పరుపు పలచన చేసి, ఆ మేరకు మంచం కోళ్లు పొడుగు చేయించుకుని, మంచం ఎత్తయిందని మురిసిపోయినట్టుంది వ్యవహారం. గోతిలో పడ్డప్పుడు ముందుగా దెబ్బ కాసేది ఆ గోడ వెనక ఉన్న గాలే, సస్పెన్షన్ వంతు ఆ తర్వాత.

ఇక గోతుల సంగతి. ఆలపాడు దగ్గర జాతీయ రహదారి దిగి కొల్లేటికోట వైపు తిరిగారంటే ఇటూ అటూ నీళ్లే. కింద నల్లటి బంకమట్టి. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైన వేసిన తారు దానితో పాటే లేస్తుంది, కుంగుతుంది. పట్టుబడి రోజుల్లో చేపల లారీలు ఐసు నీళ్లు కార్చుకుంటూ పోతాయి. తారుకు నీటిని మించిన శత్రువు లేదు. 1999లో కొల్లేరు సరస్సును ఐదో కాంటూరు ఎత్తు దాకా అభయారణ్యం చేశాక లోపలి రోడ్డు వెడల్పు చేయాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలి. దాన్ని నేను తప్పుపట్టను, ఆటపాక గూడబాతులూ బతకాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచి కొల్లేటి మీద పడ్డప్పుడు చినఎడ్లగాడి దగ్గర ఏలూరు రోడ్డు మీదే నీళ్లు పారాయి. నీళ్ల కింద గొయ్యి కనపడదు, రిమ్ము తగిలినప్పుడే తెలుస్తుంది.

అలా తగిలిన ఇరవై ఇంచుల చక్రాన్ని కైకలూరులో ఒక పంక్చర్ షాపులో చూశాను. టైరు పక్కగోడ మీద పిడికిలంత ఉబ్బు. షాపతను బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయింది. గోతి అంచుకూ రిమ్ముకూ మధ్య గోడ నలిగి లోపలి దారాలు తెగాయి, గాలి అటు తోసుకొచ్చింది. ‘‘ప్యాచ్ వెయ్యవా?’’ అంటే ‘‘గోడకు వెయ్యకూడదండీ, హైవే మీద పేలుద్ది’’ అన్నాడు. రిమ్మును బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పి చూపించాడు. అంచు వేలెడు మేర నొక్కుకుపోయింది, ఆ చోటు తిరిగి వచ్చినప్పుడల్లా చక్రం అదురుతోంది. ఇనప రిమ్మయితే సుత్తితో సరిచేసి పంపేవాడు. అల్లాయ్‌ను కొడితే పగులుతుంది. ఆ కొలత టైరు ఊళ్లో దొరకదు, విజయవాడ నుంచి రావాలి. అప్పటిదాకా అరకోటి బండి జాకీ మీద.

మావాడు తేలిగ్గా వదలడు. ‘‘మీ తాతల ఎడ్లబండి చక్రం ఛాతీ ఎత్తున ఉండేది కదా, ఈ బురదలోనేగా తిరిగింది?’’ అన్నాడు. నిజమే. అది మొత్తంగానే పెద్ద చక్రం కాబట్టి చిన్న గోతుల్లో దిగకుండా దాటేది. కుదుపు సంగతి మాత్రం ఎక్కినవాడి నడుముకే తెలుసు. 1888లో డన్‌లప్ గాలి టైరు చేసింది ఆ కుదుపు పోగొట్టడానికే. అంత కష్టపడి చేర్చిన గాలిని మనం ఎదురు డబ్బిచ్చి తీయించుకోవడం నాకు వింతగానే ఉంటుంది. గల్ఫులో బండ్లు నడిపి వచ్చిన మనవాళ్లను అడగండి. ఇసుకలోకి దిగేముందు గాలి కొంత తీసేస్తారు, టైరు పరుచుకుని పట్టు చిక్కుతుంది. పొట్టి గోడ టైరుకు ఆ వెసులుబాటు తక్కువ.

పోనీ మొత్తం చక్రమే పెంచుదామా? 255/50 ఆర్20 వేస్తే 763 మిల్లీమీటర్లు అవుతుంది. అప్పుడు మీటరు 100 చూపిస్తుంటే బండి 103 దాటి పోతుంటుంది. బరువు పెరిగి మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపల రాసుకోవచ్చు. పైగా కంపెనీ కొలతలు దాటి బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పేసింది. ప్రమాదం జరిగాక బీమావాళ్లు పెళ్లి పందిట్లో మన పరపతిని లెక్కలోకి తీసుకోరు.

కొల్లేటి గట్ల మీద తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. డ్రైవరు తలుపు తీస్తే కనపడే స్టిక్కరు, బండితో ఇచ్చిన పుస్తకం చూడండి. మీ బండికి కంపెనీ ఒప్పుకున్న కొలతల్లో అన్నిటికంటే చిన్న రిమ్ము ఏదో అదే ఉంచుకోండి. పక్షానికోసారి పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి చూపించుకోండి. ఇరవై ఇంచులకు తీసిపెట్టిన డబ్బు చేతిలో ఉంటే దాంతో పూర్తి సైజు స్టెప్నీ కొనండి. ఈ మధ్య చాలా ఖరీదైన బండ్లలో ఇస్తున్నది సన్నపాటి స్టెప్నీ, గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది. కొన్నింట్లో అదీ ఇవ్వడం లేదు.