బెల్లు మ్రోగితే లేచే విద్యార్థులు

అమెరికా రాజధాని వాషింగ్టన్ పొలిమేర దాటి నాలుగు మైళ్ళు వెళితే మేరీలాండ్ రాష్ట్రంలో కాలేజ్ పార్క్ అనే ఊరు వస్తుంది. పేరుకు తగిన ఊరే. ఎటు చూచినా మేరీలాండ్ విశ్వవిద్యాలయపు ఎర్ర ఇటుక భవనాలే. దాదాపు 40 వేల మంది విద్యార్థులు. మన తెలుగు పిల్లలు కూడా అక్కడ తక్కువేమీ కాదు. 1993 నుండి ఆ ఊరికి మెట్రో రైలు కూడా ఉన్నది. విద్యార్థులు ఇంతమంది ఉన్నచోట గది అద్దెలు ఎలా ఉంటాయో ప్రియ పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ ఊరిలో కొందరు విద్యార్థులు అద్దె లేకుండా చదువుకుంటున్నారు. వారి నివాసం ఫైర్ స్టేషన్! మంచము, వంటగది, చదువుకొనే బల్ల అన్నీ అక్కడే. అద్దెకు బదులుగా వారు తమ నిద్రను ఇస్తారు. తమ వంతు వచ్చిన రాత్రులలో బెల్లు మ్రోగిన వెంటనే లేచి ఫైరింజను ఎక్కాలి. జీతము లేదు.

మన దేశంలో ఫైరింజను అంటే సర్కారు బండి, జీతగాళ్ళ ఉద్యోగం. అమెరికాలో సంగతి వేరు. 1736లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో కొందరు ఇరుగుపొరుగు వారిని కూర్చి, ఎవరి ఇల్లు అంటుకొన్నా అందరూ బకెట్లతో పరుగెత్తాలని ఒక కట్టుబాటు చేశాడు. ఆ ఆచారం నేటికీ పోలేదు. 2020 లెక్కల ప్రకారం ఆ దేశపు అగ్నిమాపక సిబ్బంది సుమారు 10 లక్షల 41 వేలు. అందులో నూటికి 65 మంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. కాలేజ్ పార్క్ ఉన్న ప్రిన్స్ జార్జెస్ జిల్లాలో జీతం తీసికొనేవారు, తీసికొననివారు కలిసి పనిచేస్తారు.

మేము దంపతులము ఆ ప్రాంతంలో ఒక తెలుగు కుటుంబం వద్ద బస చేసినప్పుడు, ఆ ఇంటి అబ్బాయి తన స్నేహితుడున్న ఈ స్టేషన్‌కు మమ్మును తీసుకొని వెళ్ళాడు. క్రింద బండ్లు. వాటి ప్రక్కన వరుసగా బూట్లు, ఆ బూట్లమీదికి మడిచి దించిన ప్యాంట్లు. చూడడానికి నిలువునా కరిగిపోయిన మనుషులవలె ఉన్నాయి. బూట్లలో కాళ్ళు పెట్టి ప్యాంటు పైకి లాగుకుంటే సరి, ఒక్క నిమిషంలో బండి కదలవచ్చు. కోటు, టోపి, ముఖానికి మాస్కు, వీపున గాలి సిలిండరు అన్నీ కలిపితే 20 కిలోలు దాటుతుంది. మా ఇంటావిడ ఆ కోటు ఒక చేత్తో ఎత్తబోయి, రెండవ చెయ్యి కూడా వేసింది.

ఊరికే ఎవరినీ బండి ఎక్కనివ్వరు. నెలల తరబడి తరగతులు, పరీక్షలు ఉంటాయి. నిజమైన మంటలో అభ్యాసం చేయాలి. రాష్ట్రమంతటి సిబ్బందికి శిక్షణ ఇచ్చే సంస్థ ఈ విశ్వవిద్యాలయానికి చెందినదే. ఇదిగాక 1956 నుండి ఇక్కడ అగ్నిరక్షణ ఇంజనీరింగు అనే కోర్సు ఉన్నది. పొగ గదిలో ఏ దారిని పోతుందో పగలు పుస్తకంలో లెక్కగట్టి, రాత్రి అదే పొగలో మోకాళ్ళమీద ప్రాకే పిల్లలు వారిలో ఉన్నారు. ఇంతటి చదువు ఏ హాస్టలులో దొరుకుతుంది?

ఈ కళాశాలకు నిప్పు కొత్తది కాదు. 1912 నవంబరు 29 రాత్రి, కృతజ్ఞతార్పణ పండుగ సందర్భంగా విద్యార్థులు నృత్యంలో ఉండగా మంటలు లేచి, వారి వసతి గృహాన్ని, కార్యాలయ భవనాన్ని కాల్చివేశాయి. ప్రాణనష్టం లేకపోవడం ఆశ్చర్యమే. ఈ జిల్లాలో 1992 నుండి కొత్తగా కట్టే ప్రతి ఇంట్లోనూ కప్పునుండి నీళ్ళు చిమ్మే ఏర్పాటు తప్పనిసరి చేశారు.

మేము ఆ స్నేహితునితో మాట్లాడుతుండగానే పైనుండి బెల్లు మ్రోగింది. పళ్ళెంలో సగం అన్నం, బల్లమీద తెరచిన లెక్కల పుస్తకం అలాగే ఉన్నాయి. ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి మాకు ఒక మాట చెప్పను కూడా వ్యవధి లేక దిగిపోయారు. ఇరవై నిమిషాలకు తిరిగి వచ్చారు. ఎక్కడ కాలిందని అడిగితే ఆ అమ్మాయి నవ్వి, హాస్టలులో ఎవరో స్టౌమీద గిన్నె పెట్టి మరచిపోయారని చెప్పింది. మంటలకని వచ్చే పిలుపులు చాలా తక్కువట. దేశం మొత్తం మీద నూటికి నాలుగు మాత్రమే. మూడింట రెండు వంతులు గుండెనొప్పి, ఊపిరాడకపోవడం, కాలుజారి పడిపోవడం వంటివే. కాబట్టి ప్రథమ చికిత్స కూడా నేర్చుకొంటారు. ఇరవై ఏళ్ళ పిల్లవాడు అర్ధరాత్రి ఒక ముసలాయన రొమ్ముమీద చేతులు పెట్టి నొక్కి, ఉదయం తొమ్మిదికి పరీక్ష వ్రాయడానికి వెళ్ళడం మనం ఊహించగలమా?

మన పల్లెలలో కూడా వేసవిలో పాక అంటుకొంటే పట్టణం నుండి ఫైరింజను వచ్చేలోగా జనమే బిందెలతో పరుగెత్తుతారు. ప్రక్క పాక కప్పు లాగివేస్తారు. అయితే మెలకువ వచ్చినవాడే పరుగెత్తుతాడు. అక్కడ ఈ రాత్రి మేల్కొనవలసినది ఎవరో గోడమీద ముందుగానే వ్రాసి ఉంటుంది. ఈ తేడా చాలా పెద్దదని మాకు తోచింది.

తల్లిదండ్రుల సంగతి ఏమిటని అడిగాము. తన తల్లి మొదటి సంవత్సరమంతా ప్రతి ఉదయం ఫోను చేసేదని, ఇప్పుడు ఆదివారం మాత్రమే చేస్తుందని ఆ అబ్బాయి చెప్పాడు. ఆమె భయం ఉత్తది కాదు. కూలే కప్పులు మాత్రమే కాదు, 2022లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ ఈ వృత్తినే క్యాన్సరు కారకాల మొదటి జాబితాలో చేర్చింది. ఒకప్పుడు మసి పట్టిన కోటు గొప్పతనానికి గుర్తు. ఇప్పుడు పొగలో నుండి వచ్చిన కోటును ఉతకాలి, పడక గదిలోకి తేరాదు. ప్రాణానికి ఇంత ముప్పు ఉన్న పనిని ఒక మంచము ఇచ్చి చేయించుకొనడం న్యాయమేనా అని మాకు సందేహం కలిగింది. అబ్బాయిని అడిగితే భుజాలు ఎగురవేసి, మంచం కోసమే అయితే ఇంతకంటే నిద్ర పట్టే మంచాలు ఊళ్ళో చాలా ఉన్నాయి అన్నాడు.

అయినా మంచం ఇవ్వడంలో స్టేషన్ల అవసరం కూడా ఉన్నది. 1984లో అమెరికాలో స్వచ్ఛంద సిబ్బంది 8 లక్షల 97 వేలకు పైగా ఉండేవారు. 2020 నాటికి 6 లక్షల 77 వేలకు తగ్గిపోయారు. పిలుపులు మాత్రం పెరిగాయి. దూరాన ఉద్యోగం, ఇద్దరూ సంపాదించవలసిన సంసారం ఉన్నవారికి రాత్రి మేల్కొనే తీరిక లేదు. కాబట్టి కళాశాలలున్న ఊళ్ళలో విద్యార్థులను పిలిచి చోటు ఇస్తున్నారు. ఇందులో చిక్కు ఒకటే. పిల్లవాడు పని బాగా వచ్చినవాడయ్యే సరికి నాలుగేళ్ళు నిండుతాయి. మే నెలలో పట్టా పుచ్చుకొని, కొందరు జీతమిచ్చే అగ్నిమాపక శాఖలకు, కొందరు వేరే ఉద్యోగాలకు వెళ్ళిపోతారు. ఆగస్టు చివర కొత్త పిల్లలు పెట్టెలతో దిగుతారు. వారి పాదాలకు బూట్ల కొలతలు తీయడం మళ్ళీ మొదటినుండి ఆరంభం.