అటక మీద అంగూర్

షరాబ్ చుక్క నా నాలుక మీద పడలేదు గానీ, ఆ దునియా మాటలన్నీ బచ్‌పన్‌లోనే వచ్చేశాయి. ఉర్దూ మీడియంలో చదివినోళ్లెవరికైనా అంతే. జామ్, సురాహీ, పైమానా, సాఖీ... "ఇదంతా ఇష్క్-ఎ-హకీకీ బేటా, సీసా కాదు" అనేవారు మా ఉస్తాద్. షరాబ్ మీద అన్ని షేర్లు రాసిన రియాజ్ ఖైరాబాదీ ఎన్నడూ తాగలేదని మషూర్. కాబట్టి నేనిప్పుడు ఇటలీ వైన్ గురించి రాస్తే తఅజ్జుబ్ పడకండి.

మా చెల్లెలి కొడుకు వెరోనాలో చదువుతున్నాడు. సెప్టెంబరులో ఫోన్ చేశాడు. "మామూ, ఇక్కడ అంగూర్ తెంపే పని ఉంది. రూమ్ కిరాయికి సరిపోతుంది. జాయిజేనా? అమ్మీకి చెప్పకండి."

జవాబిచ్చేముందు ఆ అంగూర్ ఏమవుతుందో చూద్దామనుకున్నా. జర్నలిస్టు బీమారీ.

వెరోనాకు ఉత్తరాన, ఆల్ప్స్ ముందు లేచే లెస్సీని కొండల కింద ఉంది వల్పొలిచెల్లా. మట్టి జారకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు, పందిళ్ల మీద నల్లద్రాక్ష. కొర్వీనా, రొందినెల్లా వాటి పేర్లు. గుత్తుల్ని చేత్తోనే కోస్తారు. పండు చితికితే బూజు పడుతుంది. కోసిన వెంటనే పిండరు. గాలాడే అటకల మీద మూడు నాలుగు నెలలు ఆరబెడతారు. చలికాలానికల్లా బరువులో మూడో వంతు ఎగిరిపోతుంది, పండు సగం కిష్మిష్ అయిపోతుంది. పిండేది అప్పుడు. తీపి మిగలనిస్తే రెచోతో, చక్కెరంతా పులిసిపోతే అమరోనే. పేరులోనే చేదుంది. పిప్పిని కూడా పారేయరు, దాని మీద మామూలు వైన్ పోసి మళ్లీ పులియబెడతారు. మా నానీ చాయ్‌పత్తీని రెండోసారి మరిగించినట్టు!

నాకు బాగా నచ్చింది ఆ వెదురు తడకలు. అరెలే అంటారు. ఒకప్పుడు వసంతంలో వాటి మీదే పట్టుపురుగుల్ని పెంచేవాళ్లు, కోతలయ్యాక ద్రాక్ష ఆరబెట్టేవాళ్లు. గరీబు ఇంట్లో సామాన్ అంతే, ఒక్కదానికి రెండు డ్యూటీలు. ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్ డబ్బాలు, ఫ్యాన్లు. పద్ధతి మాత్రం పాతది. 6వ శతాబ్దంలోనే గోత్ రాజుల వజీర్ కాసియొదొరస్, షాహీ దస్తర్‌ఖాన్ కోసం ఈ వెరోనా వైన్‌ను తారీఫ్ చేస్తూ ఖత్ రాశాడు.

ఎండబెట్టేదాకా హలాలే కదా. కిష్మిష్ నానేసిన నీళ్లు, నబీజ్, రసూలుల్లాహ్ (స) తాగినవే. రోజులు గడిచి నషా ఎక్కేదగ్గరే హద్దు. కానీ హదీసులో తాగేవాడితోపాటు పిండేవాడు, మోసేవాడు, అమ్మేవాడు కూడా లానత్‌లో ఉన్నారు. మరి తెంపేవాడు? షరాబ్ చేసేవాడికి ద్రాక్షరసం అమ్మడాన్ని ఇమామ్ అబూ హనీఫా మనా చేయలేదు, వేరే ఇమాములు చేశారు.

"ముఫ్తీ సాబ్‌ను అడుగు. నన్నడిగితే మాత్రం వద్దు" అన్నాను.

వాడు కాసేపు చుప్. తర్వాత, "మీ పేపర్లో సోడా పేరుతో పెద్ద యాడ్ వస్తది కదా మామూ. దాని పక్కనే మీ వ్యాసం. ఆ జీతం?"

ఇరవై ఏళ్లుగా తీసుకుంటున్న జీతం. సోడా అంటే ఏంటో మా ఆఫీసులో చాయ్ తెచ్చే పిల్లోడికి కూడా తెలుసు. నేను వాతావరణం ఎలా ఉందని అడిగాను.

వాడు చివరికి త్రెంతీనో వైపు సేబు తోటలో పనికి కుదిరాడు. రైలెక్కి పోవాలి, కూలీ కాస్త తక్కువ. ఆ తోట మాలిక్‌కు పక్క చెలకలో ద్రాక్ష కూడా ఉందట.