ముందు 46, వెనక 17

ఫిక్సీ కట్టించుకోవడానికి వచ్చే కుర్రాళ్ళు చైన్‌వీల్ ఏ రంగుది వేద్దామన్నా అని మొదలెడతారు. ఇల్లెక్కడ, ఆఫీసెక్కడ, దారిలో ఫ్లైఓవర్లెన్ని అని నేను అడుగుతాను. హైదరాబాదు ఎత్తుపల్లాల్లో ఒకే గేరుతో తిరగాలంటే ముందు తేలాల్సింది పళ్ళ లెక్క.

ఫిక్సీకి ఫ్రీవీల్ ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతూనే ఉంటాయి. వేగం తగ్గాలంటే కాళ్ళతో వెనక్కి నొక్కిపట్టాలి. మామూలు సైకిల్లో చైను బండిని లాగుతుందంతే. ఇందులో ఆపేది కూడా అదే. అందుకే ఈ బండికి ఏ సామాను కొన్నా బ్రేకు సామాను కొన్నట్టే చూస్తాను. అలాగని ముందు చక్రానికి చేతి బ్రేకు పెట్టకుండా ఏ బండినీ షాపు దాటనివ్వను. వెలోడ్రోమ్‌లో బ్రేకులుండకూడదన్నది పోటీల రూలు. మెహదీపట్నం ట్రాఫిక్‌కి ఆ రూలు తెలీదు.

ముందు పళ్ళని వెనక పళ్ళతో భాగించి, చక్రం వ్యాసంతో గుణిస్తే గేరు అంగుళాల్లో వస్తుంది. మన పాత నల్ల సైకిలుకి సాధారణంగా ముందు 44, వెనక 18, చక్రం 28 అంగుళాలు. అంటే గేరు 68. పాల క్యాన్లు వేలాడదీసినా కదిలిన బండి అది. ఫొటోలు చూసొచ్చినవాళ్ళు అడిగేది 48–16. సన్నటి 700సీ చక్రానికి 27 వేసుకుంటే అది 81. ట్యాంక్‌బండ్ మీద హాయిగానే ఉంటుంది, జూబ్లీహిల్స్ ఎక్కేటప్పుడు మోకాళ్ళు నిలదీస్తాయి. నేను 46–17కి ఒప్పిస్తాను: 73. ఓయూ వెలోడ్రోమ్‌లో ప్రాక్టీసు చేసే పిల్లలు ఇంకా చాలా పెద్ద గేర్లు వాడతారు గానీ, వాళ్ళకి సిగ్నల్ దగ్గర ఆగి మళ్ళీ కదిలే పని లేదు.

48–16తో ఇంకో తంటా ఉంది. వెనక చక్రాన్ని బిగబట్టి, జారించి ఆపడం కుర్రాళ్ళకి సరదా. 48ని 16 నిశ్శేషంగా భాగిస్తుంది కాబట్టి పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం సరిగ్గా మూడు చుట్లు తిరుగుతుంది. ఎప్పుడూ అదే కాలు ముందుంచి జారిస్తే టైరు అదే చోట రోడ్డుకి రాసుకుని, మిగతా అంతా కొత్తగా ఉండగానే అక్కడ దారాలు తేలతాయి. 46కీ 17కీ ఉమ్మడి భాజకం లేదు; ఆ అరుగుదల పదిహేడు చోట్లకి సర్దుకుంటుంది. బళ్ళో భిన్నాల లెక్కంటే పారిపోయినవాళ్ళు కూడా టైరు బిల్లు చూశాక శ్రద్ధగా వింటారు.

చైన్లలో 1/8, 3/32 అని రెండు వెడల్పులు. లింకుకీ లింకుకీ దూరం రెంటికీ ఒక్కటే, అర అంగుళం. వెడల్పాటి చైను సన్న పళ్ళ మీద కాస్త చప్పుడు చేసినా నడుస్తుంది. సన్న చైను వెడల్పు పళ్ళ మీద అసలు కూర్చోదు. నేను చైను, ముందు పళ్ళు, వెనక పళ్ళు మూడూ 1/8లోనే వేస్తాను. ముందు పళ్ళూ వెనక పళ్ళూ ఒకే వరసలో ఉండాలి. ట్రాక్ హబ్బులకి ఆ వరస ఫ్రేము నడిమి నుంచి దాదాపు 42 మిల్లీమీటర్లు. పాత రోడ్ సైకిల్ క్రాంకు తగిలిస్తే బయటి చైన్‌వీల్ ఇంకా బయటికి పోతుంది, లోపలి వైపు బిగిస్తే చాలాసార్లు కుదురుతుంది. స్కేలు పెట్టి కొలవందే నమ్మను.

చైను బిగువు చూడటం ఓపిక పని. ఏ చైన్‌వీలూ అచ్చంగా మధ్యలో కూర్చోదు, తిప్పుతుంటే ఒకచోట చైను బిగుస్తుంది, ఇంకోచోట వదులవుతుంది. అయిదు బోల్టులూ కాస్త వదులు చేసి, బిగుసుకున్న చోట చైను మీద రెంచితో చిన్నగా తడతాను. చైన్‌వీల్ వెంట్రుకవాసి జరుగుతుంది. మళ్ళీ తిప్పి, మళ్ళీ తట్టి, బోల్టులు ఒకటి విడిచి ఒకటి బిగిస్తాను. చివరికి ఎక్కడ ఆపి చూసినా చైను మధ్యలో ఓ సెంటీమీటరు ఆడాలి. ఇదంతా మెల్లగా, చేత్తో. చక్రం వేగంగా తిరుగుతుండగా చైనుకి గుడ్డ పెట్టనివ్వను. గుడ్డ చిక్కుకుంటే వేలు కూడా పళ్ళలోకి పోతుంది; ఫ్రీవీల్ లేని బండి టక్కున ఆగదు.

డబ్బు తక్కువుంటే క్రాంకు సెకండ్‌హ్యాండ్‌ది తీసుకోమంటాను, హబ్బు మాత్రం అసలైన ట్రాక్ హబ్బే. ఫ్రీవీల్ హబ్బు మర మీద ఫిక్స్‌డ్ కాగ్, అంటే ఫిక్సీ వెనక పళ్ళచక్రం, ఎక్కుతుంది, అదే ప్రమాదం. తొక్కితే బిగుస్తుంది, వెనక్కి నొక్కితే విప్పుకుంటుంది. ట్రాక్ హబ్బుకి కాగ్ పక్కన ఎడమ మర ఒకటుంటుంది, దాని మీద లాక్‌రింగ్ బిగుస్తుంది. కాగ్ విప్పుకోబోతే లాక్‌రింగ్ ఇంకా బిగుసుకుని ఆపుతుంది. కొందరు ఫ్రీవీల్ హబ్బుకే జిగురు పూసి ఇమ్మంటారు. వేరే షాపు చూసుకోమంటాను.

బండి తీసుకెళ్ళేటప్పుడు, వారం తొక్కి మళ్ళీ తీసుకురా తమ్ముడూ అని చెబుతాను. నాలుగు ఎత్తులు ఎక్కేసరికి కాగ్ మరలో ఇంకాస్త లోపలికి బిగుస్తుంది, లాక్‌రింగ్‌కీ దానికీ మధ్య సందు పడుతుంది. వచ్చినవాళ్ళ బండికి లాక్‌రింగ్ దాదాపు ఎప్పుడూ ఇంకొంచెం తిరుగుతుంది. రానివాళ్ళకి ఫోన్ చేస్తాను.