ఎండకో అద్దం, మబ్బుకో అద్దం

ఏమండీ, గుల్మార్గ్ వెళ్తున్నారటగా! స్కీయింగ్ కూడానా? భేష్. స్వెట్టర్లు, గ్లవ్స్, థర్మల్స్ అన్నీ కొనేసే ఉంటారు. మరి గాగుల్స్? నెమలికంఠం రంగులో తళతళలాడే ఆ నల్ల అద్దాలేనా? అనుకున్నాను. ఫోటోలో అదిరిపోతాయి లెండి, నేను కాదన్నానా?

కానీ ఎండ మన సెలవులు చూసుకుని కాయదు కదా. కింద గొండోలా, అదే కేబుల్ కారు, ఎక్కేటప్పుడు కళ్లు చెదిరే వెలుగు. పైన అఫర్వాత్ శిఖరం దగ్గర, దాదాపు 4,000 మీటర్ల ఎత్తున దిగేసరికి మబ్బు కమ్మేసి ఉండొచ్చు. అప్పుడుంటుంది అసలు తమాషా! వెలుగు అన్ని వైపుల నుంచీ ఒకేలా పరుచుకుంటుంది. నీడ ఉండదు. నీడ లేకపోతే గుంటేదో దిబ్బేదో తెలీదు. పెరుగు గిన్నెలో పడ్డ చీమకి గట్టెటో తెలుస్తుందా? మీరూ అంతే. గుంట ముందు కాలికి తెలుస్తుంది, ఆ తర్వాతే కంటికి. స్కీయర్లు దీన్ని ‘ఫ్లాట్ లైట్’ అని తిట్టుకుంటారు.

దీనికి మందు గులాబీ రంగు అద్దం, లేకపోతే పసుపుది. నీలపు వెలుగుని కొంత ఆపేసి, ఉన్న కాస్త నీడనీ పైకి తేల్చి చూపిస్తుంది. పైగా ఎంత దిగులు మబ్బైనా అందులోంచి ముచ్చటగా ఉంటుంది. నాకైతే ఆ ఒక్క సుఖానికే కొనాలనిపిస్తుంది!

షాపులో రంగు చూసి మురిసిపోకుండా ‘వీఎల్‌టీ’ ఎంతో అడగండి. వెలుగులో ఎంత శాతం కంటిదాకా వస్తుందో చెప్పే అంకె అది. దాన్ని బట్టే అద్దాలకి తరగతులు: ఎస్3 అంటే 8 నుంచి 18 శాతం, ఎండకి. ఎస్1 అంటే 43 నుంచి 80, మబ్బుకి. మధ్యలోది ఎస్2. ఎస్4 మరీ చీకటి, అది పెట్టుకుని కారు నడపకూడదు కూడా.

‘లేతరంగుదైతే కళ్లు పాడవవూ?’ అంటారా? అతినీల కిరణాల్ని ఆపేది నలుపు కాదండీ. మంచి అద్దమైతే రంగు లేకపోయినా ఆపుతుంది. కొత్త మంచు ఆ కిరణాల్లో 80 శాతం దాకా తిప్పికొడుతుంది కాబట్టి, మబ్బేగా అని గాగుల్స్ తీసి నుదుటి మీద మాత్రం పెట్టుకోకండి.

వెలుగుని బట్టి రంగు మార్చుకునే అద్దాలూ ఉన్నాయి. భలే ఉంటాయి, కానీ బద్ధకం జాస్తి. చలిలో మరీ నల్లబడి, తిరిగి తేటపడటానికి తీరిగ్గా టైము తీసుకుంటాయి. చెట్ల నీడలోకి దూసుకెళ్లేవాడికి అంత ఓపికెక్కడిది?

అన్నట్టు, ఆవిరి పట్టకుండా రెండు పొరల అద్దంతో, గాలాడే ఫోమ్‌తో గాగుల్స్ చేసిందెవరో తెలుసా? 1965లో, అమెరికాలో బాబ్ స్మిత్ అనే పళ్ల డాక్టరు! పళ్లాయనకి కళ్లజోళ్లతో పనేంటని అడక్కండి, ఆయనకి స్కీయింగ్ పిచ్చి. ఆ లోపలి పొరని చేతిరుమాలుతో రుద్దారో, పైపూత కాస్తా పోతుంది. జాగ్రత్త.

రెండు అద్దాలకి డబ్బుల్లేవంటారా? అయితే ఆ నెమలికంఠం మాట మరిచిపోయి ఎస్2లో గులాబీది ఒక్కటి తీసుకోండి. ఫోటోకి కావాలంటే పక్కవాళ్లది అడిగి పెట్టుకోవచ్చు, ఇస్తార్లెండి.