'చాలా బాగుంది' అన్నారు

19 ఫారాలు తిరిగి వచ్చాయి. అన్నింటిలోనూ 'చాలా బాగుంది' అన్న గడిలోనే టిక్కు. ఆ ఆదివారం పాఠానికి మాత్రం 11 మందే వచ్చారు.

2020లో లాక్‌డౌన్ వల్ల బడులు మూతపడినప్పుడు, రాయగడలోనూ కొరాపుట్‌లోనూ ఉన్న తెలుగు పిల్లలకు ఫోన్ మీద మన అక్షరాలు నేర్పుదామని ముగ్గురం మిత్రులం పూనుకున్నాం. మొదట 24 మంది చేరారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు ఈ జయపురం జమీ ప్రాంతం మద్రాసు రాజధాని నుంచి ఇటు వచ్చింది. నోట్లో తెలుగు నిలిచింది గాని, చదువు ఒడియాలోకి మారింది. రాయగడ బజారులో తెలుగులో బేరమాడే పిల్లవాడు తెలుగు బోర్డు చదవలేడు. ఆ లోటు మాకు తెలిసినదే.

ఎనిమిది వారాలయ్యాక, పాఠాలు ఎలా ఉన్నాయో అడగాలనుకున్నాను. పది ప్రశ్నలు, ప్రశ్నకు ఐదు గడులు. బ్యాంకు శిక్షణ తరగతుల చివర మా చేత నింపించే కాగితం లాంటిదే తయారుచేశాను. జవాబులు చూసి పొంగిపోయి, మాలో ఒకరైన రిటైర్డు మాష్టారికి చూపించాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని, "ఇది ఏ లిపిలో రాశారు?" అని అడిగారు.

తెలుగు లిపిలో! చదవడం రాని పిల్లలను, చదవడం వచ్చిందా అని, వాళ్ళు చదవలేని అక్షరాల్లో అడిగాను. మరి నింపినదెవరు? కొన్ని ఇళ్ళలో తాతగారు, కొన్ని ఇళ్ళలో ఎవరో పక్కింటివారు. ఒక తండ్రి బ్యాంకుకు వచ్చినప్పుడు మొహమాటపడుతూ అసలు సంగతి చెప్పాడు: "మీరడిగితే బాగులేదని ఎలాగ రాస్తాం బాబూ?" నేను అప్పులిచ్చే కుర్చీలో కూర్చున్నవాణ్ణన్న సంగతి నేను మరిచినా ఆయన మరవలేదు.

కామర్స్ చదివినవాడికి ఇది కొత్త కాకూడదు. రామయ్య ఖాతాలో పడవలసిన సొమ్ము సోమయ్య ఖాతాలో వేసినా ట్రయల్ బ్యాలెన్సు సరిపోతుంది. అంకెలు కలిసినంత మాత్రాన లెక్క సరైనది కాదు. అమెరికాలో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే ఆయన 1959లోనే శిక్షణను కొలవడానికి నాలుగు మెట్లు చెప్పాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, నేర్చినది వాడుతున్నారా, దానివల్ల ఫలితం ఏమిటి. నేను మొదటి మెట్టు మీదే చతికిలబడ్డాను. అక్కడైనా నాకు దక్కింది మర్యాదే గాని జవాబు కాదు.

ఫారాలు మానేశాం. పాఠం అయిన వెంటనే ప్రతి పిల్లవాడూ రెండు ప్రశ్నలకు ఫోన్‌లో గొంతుతోనే జవాబు పంపాలి. తెలుగైనా సరే, ఒడియా అయినా సరే. ఒకటి: ఈవేళ ఎక్కడ ఆగిపోయావు? రెండు: ఈ వారం ఇంట్లో ఎవరికి ఏం చదివి వినిపించావు? 'బాగుందా' అని అడగం. ఆ జవాబులు కూడా నాకు కాదు, కాలేజీలో చదివే ఒక అమ్మాయికి వెళ్ళేవి. ఆమెను వాళ్ళు 'అక్కా' అంటారు. ఆమె దగ్గర భయం లేదు.

మొదటి వారంలోనే కళ్ళు తెరుచుకున్నాయి. ఒక కుర్రవాడు 'పండు'ను 'పఠడు' అని చదువుతున్నాడు. ఒడియాలో పూర్ణబిందువు అక్షరం పక్కన పైభాగాన చిన్నగా ఉంటుంది. నిండు గుండ్రం అక్కడ 'ఠ'. వాడి తప్పేముంది? 'పలక' కొందరి నోట 'పొలొకొ' అయింది, అక్కడ అకారం ఒకారం వైపు ఒరుగుతుంది కనుక. 'ఎ'కూ 'ఏ'కూ వేరువేరు అక్షరాలెందుకో చాలామందికి అర్థం కాలేదు. ఒడియా లిపిలో ఆ తేడా లేదు. ఎనిమిది వారాలు చెప్పిన మాకు ఇవేవీ తెలియలేదు.

మానేసినవాళ్ళకూ ఆ అమ్మాయే ఫోన్ చేసింది. పాఠం కష్టమని ఎవరూ అనలేదు. ఉదయం పూట ఫోన్ నాన్నతో బజారుకు పోతుంది. కొరాపుట్ కొండల్లో సిగ్నల్ నిలవదు. వీడియోకు డేటా చాలదు. ఉన్నవాళ్ళను అడిగితే ఇవి తెలిసేవి కావు. పాఠాన్ని సాయంత్రానికి మార్చి, అరగంటకు కుదించి, అక్షరాల బొమ్మలు ముందురోజే పంపాం. ఎవరి మాట వల్ల ఏమి మార్చామో మరుసటి పాఠంలో పిల్లలకే చెప్పాం. తమ మాట చెల్లిందని తెలిశాక వాళ్ళు ఇంకా చెప్పడం మొదలుపెట్టారు. వెళ్ళిన వాళ్ళలో ఆరుగురు తిరిగి వచ్చారు. మిగతావాళ్ళు రాలేదు.

కొన్నాళ్ళకు రాయగడ నుంచి ఒక పిల్ల గొంతు వినిపించింది. పార్వతీపురం నుంచి వచ్చిన శుభలేఖను వాళ్ళ నానమ్మకు చదివి వినిపించిందట. "అంతా చదివీసేను అక్కా. 'ఆహ్వానం' దగ్గర ఆగిపోయాను. హ కింద అదేటో మాష్టారు చెప్పలేదు."

నిజమే, చెప్పలేదు. ఆ 19 ఫారాల కంటే ఈ ఒక్క ఫిర్యాదు నాకు ఎక్కువ పనికొచ్చింది. తరువాతి ఆదివారం పాఠం వ-వత్తుతో మొదలుపెట్టాం.